వేపాకు పసరూ, వీధంతటి పానకమూ

నాకు ముక్కు మీదే కోపం అని మా వాళ్లందరూ అంటారు. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడల్లా కాస్తయినా పోయి ఉండేది. నాది కడుపులోంచి వచ్చే రకం. దాని మూలంగా చెడిన పనులు చెప్పమంటే పొద్దుపోయేదాకా చెప్పగలను. బాగుపడిన పని మాత్రం ఒక్కటే ఉంది. మా పెద్దపిల్ల చేత పాలు మాన్పించినప్పటి సంగతి అది.

అరవయ్యో దశకం చివరి రోజులు. నరసన్నపేటకి నాలుగు మైళ్ల దూరంలో, వరిపొలాల మధ్య మా అత్తవారి ఊరు. మా ఆయన ఆమదాలవలసలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్లిపోయేవాడు. ఇంట్లో మిగిలేది నేనూ, అత్తా, మావయ్యా, మూడో ఏడు నడుస్తున్న మా పిల్లా. ఎస్సెల్సీ పాసైన కోడల్ని తెచ్చుకున్నామని మావయ్య ఊళ్లో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ ఎస్సెల్సీ నాకు ఆ ఇంట్లో మందుసీసా మీద కాగితం చదవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

అలాంటిది ఒక శుక్రవారం మధ్యాహ్నం నా పేరున గవర్నమెంటు కవరొచ్చింది. విజయనగరంలో ఆడవాళ్లకి టీచరు ట్రైనింగు. రెండేళ్లు. హాస్టల్లో ఉండాలి. ఏదో కాగితమని చెప్పి నా చేత సంతకం పెట్టించుకుని మా ఆయనే దరఖాస్తు పంపాడట. వచ్చే నెల్లో ఫలానా సోమవారం వచ్చి చేరమన్నారు. లెక్క చూస్తే ఇరవై నాలుగు రోజులుంది. కింద ఒక ముక్క: పిల్లలతో రాకూడదు.

ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. నాకు వెళ్లాలని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పిల్లనొదిలి ఉండగలనా అన్న ఆలోచన కంటే ముందు, వెళ్లాలన్న ఆశే పుట్టింది. నల్లబల్ల మీద నా చేతిరాత ఎలా ఉంటుందో అని ఆ సాయంత్రం బొగ్గుముక్కతో పెరటిగోడ మీద అ ఆ ఇ ఈ రాసి చూసుకున్నాను. అత్త చూసి, గోడ పాడు చేశానని తిట్టింది.

ఇక మా పిల్ల సంగతి. అది చంటిపిల్ల అంటే ఎవరూ నమ్మరు. పరిగెత్తేది. ఎదురింటి కోడిపిల్లల్ని తరిమేది. పెద్దవాళ్లకి ఎదురు సమాధానం చెప్పేది. అవన్నీ చేసి అలిసిపోయి వచ్చి, నా కొంగు పట్టుకు లాగి, తాసిల్దారు లాగా, "పాలియ్యే" అనేది. రోజుకి ఎన్నిసార్లంటే, నేను రోలు ముందు కూర్చున్నప్పుడల్లా. నేను కూర్చోవడం దానికి కనబడితే చాలు.

మావయ్య కాగితం చదివించుకుని విన్నాడు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. నాతో ఎదురుగా మాట్లాడేవాడు కాదు. తలుపు చాటున నేనుంటే, అత్తతో చెబుతున్నట్టు నాకు చెప్పేవాడు.

"పిల్ల పాలు మానాల. మాని తొమ్మిది దినాలు గడవాల. తొమ్మిది దినాలు ముట్టనేదంటే ఇంక దాని జోలికి పోదు. అప్పుడు ఎల్లమను. ఒక్క దినం తప్పినా ఆ కాయితం పొయ్యిలో పెట్టీమను."

తొమ్మిదే ఎందుకంటే, ఆయన రెండుసార్లు చుట్ట మానాడు. రెండుసార్లూ ఎనిమిదో రోజున మళ్లీ ముట్టించాడు. అందుకని తొమ్మిదో రోజు దాటిన మనిషి ఆయన దృష్టిలో మహర్షి. మూడేళ్లు నిండని పిల్ల మహర్షి అయితేనే గానీ నాకు చదువు లేదన్నమాట.

అత్త ఏ పక్షమో నాకు అప్పటికి తెలీదు. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట కాలే కొసని నోట్లో పెట్టుకోవడం. అది నోట్లో ఉండగా ఆవిడ ముఖంలో ఏ భావమూ తెలిసేది కాదు. ఆ రోజు చుట్ట తీసి, "వేపాకు నూరి రాసీ. రెండు దినాల్లో దానికదే మానీస్తాది. మీ ఆయన ఒక్కపూటలో మానీసినాడు," అంది.

సరే, నూరాను. రాసుకున్నాను. పిల్ల వచ్చింది. నోరు పెట్టింది. ముఖం చిట్లించింది. నా వైపు చూసింది, నూతినీళ్లు పాడయ్యాయేమిటీ అన్నట్టు. "సేదు" అంది. లేచి వంటింట్లోకి వెళ్లింది. అమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. రెండు చేతులతో చెంబు పట్టుకుని, సగం నీళ్లు తన గౌను మీద పోసుకుంటూ వచ్చింది. శుభ్రంగా కడిగింది. గౌను కొసతో తుడిచింది. తాగింది. తాగి, "మల్లీ రాసుకోకు" అని నాకు బుద్ధి చెప్పి పోయింది.

మర్నాడు పసరు చిక్కగా నూరాం. ఈసారి పిల్ల చెంబు తేలేదు. అత్త ఉట్టి కింద దాచిన బెల్లం ముక్క తెచ్చి పసరు మీద రుద్దింది. రుద్ది, చప్పరించి, తలూపింది. మూడోనాటికి దానికి ఆ రుచి పట్టుబడిపోయింది. ఒకపూట నేను విసుగెత్తి రాసుకోకపోతే, "వేపాకేదే?" అని అడిగింది!

"ఓలమ్మో! ఉగాది పచ్చడి మనం ఏడాదికోపాలి తింతాం. ఇది దినాం తింతంది," అని అత్త నెత్తి కొట్టుకుంది.

ముసాంబరం తెప్పించాం. నరసన్నపేట కోమటాయన దగ్గర దొరికే నల్లటి చేదు ముద్ద అది. దాన్ని పిల్ల గోడకి రాసింది. బొగ్గూ ఆముదమూ కలిపి పూసుకుని "బూచి, బూచి" అన్నాను. పాపం, బూచికి దెబ్బ తగిలిందని ఊదింది. ఊదాక తాగింది. అప్పటికి తొమ్మిది రోజులు నీళ్లలో కలిశాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, దాని వీపు మీద ఒకటి వేశాను. ఏడ్చింది. ఏడుపు మాన్పించడానికి ఏం చేస్తాం? పాలిచ్చాను. అదీ నా తెలివి.

ఆదివారం అత్త కొత్త నిర్ణయానికి వచ్చింది. మళ్లీ వేపాకే, కానీ రోజుకి ఆరుసార్లు, బెల్లం కుండ అటక మీదికి. ఆరుసార్లు పెరటి చివరికి వెళ్లి ఆకు కోసుకురావడానికి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు. సోమవారం తెల్లారి మా ఆయన మిల్లుకి వెళ్లాక, దోటితో ఒక పెద్ద కొమ్మ లాగి తెచ్చింది. పెరటి వైపు పెడితే మేక తినేస్తుంది. అందుకని చక్కగా తీసుకొచ్చి వీధి గుమ్మం పక్కన చూరులో దోపింది. దోపి, చేతులు దులుపుకుని, పసరు నూరడానికి లోపలికి వెళ్లింది.

మా వైపు వేసవిలో వీధి చూరులో వేపకొమ్మ ఉందంటే అర్థం ఒకటే. ఆ ఇంట్లో అమ్మోరు పోసింది, ఎవరికో ఒళ్లంతా పొక్కులొచ్చాయి అని. అత్తకి ఆ సంగతి తెలీదా? ఊరంతటికీ చెప్పగలదు. కానీ ఆ ఉదయం ఆవిడ తలలో ఉన్నది మేక ఒక్కటే.

ఎదురింటి ముసలమ్మ ముందు చూసింది. వీధి మధ్యలోనే ఆగి, చెప్పులు లేని కాళ్లే అయినా ఒకసారి చూసుకుని, దూరం నించి అడిగింది. గుమ్మంలో మా పిల్ల కూర్చుని ఉంది.

"ఎవులికే గుంటా?"

"మాయమ్మకి."

"ఓలమ్మ! ఎక్కడే?"

మా పిల్ల తన గుండె మీద అరిచేత్తో కొట్టి చూపించింది. "ఇక్కడ. పచ్చగా ఉన్నాది. శానా సేదుగా ఉన్నాది."

తమలపాకు నమిలి ఊసేంత సేపట్లో మా వీధి ఆడవాళ్లందరూ పసుపునీళ్ల చెంబులతో మా గుమ్మం ముందున్నారు. చప్పుడు విని అత్త పసరు చేతులతో బయటికొచ్చింది. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. అత్త నోరు తెరిచింది కూడా. ఈలోపల ముసలమ్మ "సల్లగా సూడు తల్లీ" అని చెంబెడు నీళ్లూ గుమ్మంలో పోసేసింది. అదే సమయానికి మావయ్య శ్రీముఖలింగంలో చెల్లెలింటికి వెళ్లినవాడు తిరిగొచ్చాడు. చూరులో కొమ్మ చూశాడు, గుమ్మంలో పసుపునీళ్లు చూశాడు. చెప్పులు వీధిలోనే విడిచి, లెంపలేసుకుని, అక్కడికక్కడే అమ్మోరికి కోడిపుంజుని మొక్కుకున్నాడు.

అత్త లోపలికొచ్చి గోడకి చేరగిలబడింది.

"సెప్పవేమత్తా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఏటని సెప్పను? కోడలి పాలమీద రాసిన పసరని మగోల ముందర సెప్పనా? అయినా నీళ్లు పోసీసినారు. తల్లిని రమ్మని పిలిసి, నేదు పొమ్మంటే ఊరుకుంతాదేటి? నిజంగా వచ్చీసి కూకుంతాది. నాకు బయ్యం. నువ్వు తొంగో."

"నేనెందుకు తొంగోవాలి?"

"అమ్మోరొచ్చింది నీకే గదే!"

అలా నిక్షేపంగా ఉన్న నేను వేపాకులు పరిచిన చాప మీద పడుకున్నాను. తల దువ్వకూడదు. ఇంట్లో తాలింపు వెయ్యకూడదు. ఉప్పూకారం లేని పెరుగన్నం. వేపాకుల్లో ఎర్రచీమలున్నాయి, వాటికి అమ్మోరంటే భయం లేదు. మొదటి పూట ఓర్చుకున్నాను. రెండో పూట నా గుణం బయటపడింది. "నాకు ఎండుచేపల పులుసు కావాలి! ఈ చప్పిడి తిండి మీరే తినండి! ఒక్కొక్కళ్ల సంగతీ చూస్తాను!" అని లోపల్నించి కేకలేశాను.

బయట ఆడవాళ్లంతా రెండడుగులు వెనక్కి వేశారు. తరవాత ముసలమ్మ గొంతు, వణుకుతూ: "తల్లి ఉగ్రంగా ఉన్నాది. శాంతించు తల్లీ, శాంతించు!" ఆ సాయంత్రం అమ్మోరికని వచ్చే పానకం బిందెలు రెట్టింపయ్యాయి.

అంతటితో ఆగిందా? మర్నాడు ముసలమ్మ కిటికీ దగ్గరికొచ్చి, చేతులు జోడించి, తన గేదె ఎప్పుడు ఈనుతుందో చెప్పమని నన్ను అడిగింది. అసలే చీమలు కుట్టి మండుతున్నాను. "దాన్నే అడుగు!" అన్నాను. ముసలమ్మ భక్తిగా తలూపి, వెళ్లి గేదెని అడిగింది. పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ అడిగిందట. ఆ మధ్యాహ్నమే అది ఈనింది. దాంతో నా దగ్గరికి మరో ఇద్దరు వచ్చారు, ఒకరు కోడలి కడుపు గురించి, ఇంకొకరు పోయిన ఇత్తడి గిన్నె గురించి. అత్త వాళ్లని పంపేసింది. ఆవిడ చుట్ట నోట్లో పెట్టుకోవడం కూడా మానేసింది, అమ్మోరి ముందు పొగేమిటని. ఆ నాలుగు రోజులూ ఉన్నంత దిగులుగా ఆవిణ్ని నేను ఎప్పుడూ చూడలేదు.

మరి మా పిల్ల? దాని దశ తిరిగింది. అమ్మోరికని వీధంతా పంపిన చలిమిడీ, వడపప్పూ, పానకమూ, తాటిముంజెలూ ఎవరు తినాలి? నేను తినకూడదు, అత్తకి పళ్లు లేవు. మావయ్య మనవరాల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని, నా దగ్గరికి రానివ్వకుండా అన్నీ దానికే పెట్టాడు. దాని పొట్ట బిందెలా తయారైంది. రోజుకోసారి గుమ్మం దాకా వచ్చి తొంగిచూసేది. "నువ్వు తొంగోయే అమ్మా. నాను పానకం తాగొస్తాను," అని చెప్పి పోయేది. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. పాల మాటే ఎత్తలేదు!

నాకు సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. గుండెలు రాళ్లలా గట్టిపడి, చెయ్యి కదిపితే ప్రాణం పోతోంది. పాలు ఇంకిపోతాయని అత్త మల్లెమొగ్గలు మాలకట్టి నా మెడలోంచి గుండెల మీదికి చుట్టింది. వాసన వీధిలోకి పోయింది. అమ్మోరు మల్లెలు కోరిందని ఊళ్లో మల్లెలన్నీ మా గుమ్మంలోకే వచ్చిపడ్డాయి.

శుక్రవారం పొద్దున్న సైకిలు మీద టీకాల ఆయన దిగాడు. మా ఇంటి కబురు నరసన్నపేట దాకా పోయిందన్నమాట. మనిషిని చూపించమన్నాడు. మావయ్య అడ్డం నిలబడ్డాడు.

"అమ్మోరికి సూది గుచ్చుతావేటి? కళ్లు పోతాయి!"

"గుచ్చనయ్యా, చూస్తాను. అది పెద్దమ్మవారైతే, అదే మశూచైతే, పైకి రాయాలి. ఈ ఇంట్లోంచి నెల్లాళ్ల దాకా ఎవరూ ఊరు దాటడానికి లేదు. చూపించకపోయినా అలాగే రాస్తాను," అంటూ ఆయన సంచీలోంచి పుస్తకం తీశాడు.

నెల్లాళ్లు! నేను చేరాల్సిన సోమవారానికి పది రోజులుంది. అప్పటిదాకా నన్ను పట్టి ఉంచింది ఏదైతే ఉందో, కోడలిననే సిగ్గో, అత్త మీద జాలో, అది ఠక్కున తెగిపోయింది. లేచాను. జుట్టు విరబోసుకుని, మెడ నిండా మల్లెలతో, వీపుకి వేపాకులంటుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మావయ్య ఎదురుగా నిలబడడం అదే మొదలు. వీధిలో ఆడవాళ్లు దణ్ణం పెట్టేశారు.

"నాకు అమ్మోరూ లేదు, ఏమీ లేదు! ఇది పిల్ల చేత పాలు మాన్పించడానికి రాసుకున్న పసరు! ఆ కొమ్మ మేక తింటుందని చూరులో పెట్టాం! ఐదురోజుల్నించి నన్ను చీమల చేత కరిపిస్తున్నారు! నేను ట్రైనింగుకి వెళ్లాలి! పుస్తకంలో అది రాసుకోండి!"

అత్త చెవులు రెండూ మూసుకుని చతికిలబడింది. ముందుగా తేరుకున్నది ఎదురింటి ముసలమ్మ.

"మరి నా గేది నిజంగానే ఈనింది గదా?" అంది.

దాంతో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత వీధంతా పడిపడి నవ్వింది. ఒకావిడ నవ్వుతూనే నన్ను తిట్టింది, "మాకు సెప్తే మేం ఊరుకుందుమా? మిరపకాయ రాయమందును గదే!" అని. టీకాల ఆయన నవ్వలేదు. ఎండలో అంత దూరం వచ్చినందుకు ఊరికే పోనన్నాడు. నాకూ, మా పిల్లకీ, వరసగా వీధి మొత్తానికీ టీకాలు గుచ్చాడు. అమ్మోరు రాలేదని తేలాక సూదికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ముసలమ్మ గేదెకి కూడా వెయ్యమని అడిగింది.

మావయ్య కూడా నవ్వలేదు. ఊరి ముందర పరువు పోయింది ఆయనకి. పొలానికి పోయి దీపాలవేళకి వచ్చాడు. తలుపు చాటున నేనున్నాను.

"ఏటే, కోడలికి సెప్పు. అమ్మోరి పేరు మీద గడిసిన దినాలు లెక్కలోకి రావు. అవి అబద్దం దినాలు. రేపట్నించి తొమ్మిది దినాలు లెక్క. నువ్వే కాపలా. ఒక్కసారి ముట్టినా కోడలు ఎల్లదు."

అరుగు స్తంభం మీద రోజుకొక సున్నపు గీత గీస్తానన్నాడు. శనివారం మొదలు తొమ్మిదో గీత ఆదివారానికి పడుతుంది. సోమవారం నేను చేరాలి. ఒక్క రోజు కూడా ఎక్కువ లేదు.

శనివారం మా ఆయన వచ్చి, జరిగింది విని, నవ్వలేక పొట్ట పట్టుకుని పెరట్లో కూలబడ్డాడు. నేను చీపురు తీసుకున్నాను. అత్త అడ్డం వచ్చింది.

ఏడు గీతలు పడ్డాయి. పిల్లకి ఇంట్లో పానకం కరువైంది గానీ వీధిలో కాలేదు. "అమ్మోరి పానకమియ్యండి" అని ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసేది. నా ఒళ్లో కూర్చుంటే మాత్రం నేను కొంగు బిగించుకునేదాన్ని. అది కొంగు వంక చూసి, నా మొహం వంక చూసి, దిగి వెళ్లిపోయేది. అలా దిగి వెళ్లినప్పుడల్లా వెనక్కి పిలుద్దామని నోటిదాకా వచ్చేది. ఎవరితో చెప్పుకోను? నేను కోరుకున్నదే కదా!

ఎనిమిదో రోజు శనివారం. పొద్దున్న లేచేసరికి పిల్ల చెయ్యి టీకా వేసిన చోట వాచి ఎర్రగా ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. టీకా పొంగితే అలాగే వస్తుందని టీకాల ఆయన ముందే చెప్పాడు, భయపడక్కర్లేదన్నాడు. అన్నవాడు ఆయన, ఎత్తుకున్నదాన్ని నేను. చోడి జావ పోస్తే ఉమ్మేసింది. మంచినీళ్లు వద్దంది. పంచదార నీళ్లు, కొబ్బరినీళ్లు, చివరికి ముసలమ్మ పరుగున తెచ్చిన పానకం కూడా వద్దంది. మధ్యాహ్నానికి పెదవులు ఎండిపోయాయి. అడ్డమైన అల్లరీ చేసే పిల్ల ఏడవడం కూడా మానేసి నా భుజం మీద వేలాడిపోయింది. మావయ్య అరుగు మీద కునుకు తీస్తున్నాడు. అత్త వంటింట్లో జావ మళ్లీ కాస్తోంది.

పిల్ల నా కొంగు పట్టుకుంది. లాగలేదు. పట్టుకుని ఊరుకుంది.

"అమ్మా... సేదైనా పరవానేదే," అంది.

విజయనగరమూ లేదు, హాస్టలూ లేదు, నల్లబల్లా లేదు. కొంగు తీసేశాను. అది కళ్లు మూసుకుని తాగింది. నేను పైకి వినబడకుండా ఏడ్చాను. అంత సుఖం నేను అంతకు ముందూ తరవాతా ఎరగను, అంత దుఃఖమూ ఎరగను. అయిపోయింది, నా చదువు అయిపోయింది అని తెలుస్తూనే ఉంది.

తలెత్తేసరికి గుమ్మంలో అత్త ఉంది. చేతిలో జావగిన్నె. ఎంతసేపట్నించి ఉందో తెలీదు. నన్ను చూసింది, పిల్లని చూసింది. గిన్నె కింద పెట్టి, తలుపు దగ్గరికి లాగింది. బయట తలుపుకి ఆనుకుని కూర్చున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి చుట్ట వాసనొచ్చింది.

సాయంత్రానికి పిల్లకి చెమట పట్టింది. దీపాలవేళ మావయ్య సున్నం వేలికి రాసుకుని స్తంభం దగ్గర నిలబడ్డాడు. నేను తలుపు చాటున ఉన్నాను. పిల్లకి జ్వరమని ఆయనకి తెలుసు. జ్వరంలో పిల్లలు ఏం అడుగుతారో కూడా తెలుసు.

"ఇయ్యాల ముట్టిందేటే?"

"నేదు," అంది అత్త.

"నిజం సెప్పు."

"నేదంతన్నాను గదా."

"ఒట్టేసి సెప్పు."

అత్త నోట్లోంచి చుట్ట తీసింది. "అమ్మోరి తోడు. ముట్టనేదు," అంది.

అత్త అమ్మోరి మీద అబద్ధపు ఒట్టు వెయ్యదని మావయ్యకి తెలుసు, ఊరందరికీ తెలుసు. గీత గీశాడు. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెంబెడు నీళ్లు పోశారని, అమ్మోరిని కాదనలేక, కోడల్ని ఐదు రోజులు వేపాకుల మీద పడుకోబెట్టిన మనిషి ఆవిడ. ఆ మనిషికి నేను ఎన్ని మాటలన్నానో అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆవిడ పిల్లని తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. ఆదివారం నిజంగానే గడిచింది. పిల్ల జావ తాగింది, అడగలేదు, నేను ఇవ్వలేదు. తొమ్మిదో గీత పడింది.

సోమవారం ఆమదాలవలస స్టేషనుకి బండి కట్టించుకుని అత్తా వచ్చింది, పిల్లని చంకనేసుకుని. మా ఆయన టిక్కెట్టు తేవడానికి వెళ్లాడు. రైలొచ్చింది. నా ట్రంకుపెట్టె లోపల పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. పిల్లకి రైలింజను తప్ప నేను కనబడ్డం లేదు. అత్త కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

రెండు రోజులుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను. "అమ్మోరి తోడు అనేశావు కదత్తా. భయం లేదా నీకు?"

"బయ్యం నేకేటి? శానా బయ్యం," అంది. తరవాత గొంతు తగ్గించి, "ఆవిడా ఆడదే గదే. అడిగితే నాను సెప్పుకుంతాను. నువ్వు మనసులో ఏటీ పెట్టుకోక, బాగా సదువుకో," అంది.

రైలు కదిలింది. నేను ఊచల్లోంచి మెడ సాచి చూశాను. అంత ధైర్యంగా మాట్లాడిన అత్త, నేను చూడ్డం లేదనుకుని, ఆకాశం వంక చూస్తూ ఒక్క చేత్తో టపటపా లెంపలు వేసుకుంటోంది. చంకలో మా పిల్ల, అదేదో ఆట అనుకుని, నవ్వుతూ రెండు చేతులతో తనూ వేసుకుంటోంది.